బందెలదొడ్డి నుంచి పసుపు బోర్డు దాకా

మా ఫ్లాట్ల గేటు పక్కన పార్కింగ్ కంపెనీ పసుపు బోర్డు 2014లో వచ్చింది. నా లీజు మీద ఉన్న తేదీ 2003. సొంత ఇంటి ముందు పార్కింగ్ చార్జి పడిందని ఇంగ్లండులో జరిగే తగాదాల్లో నేను మొదట చూసేది ఈ తేదీల వరసే. ఏది ముందు పుట్టిందో తెలిస్తే ఎవరి మాట నిలుస్తుందో సగం తెలిసినట్టే.

స్లౌలో ఒక సొలిసిటర్ ఆఫీసులో ఇళ్ళ కొనుగోళ్ళ కాగితాలు చూడడం నా ఉద్యోగం. ఇక్కడ ఫ్లాటు కొన్నవాళ్ళకి సాధారణంగా నేల సొంతం కాదు. నేల ఫ్రీహోల్డరుది. మనకి దక్కేది 99 ఏళ్ళకో, 125 ఏళ్ళకో, 999 ఏళ్ళకో రాసిన లీజు. అందులో ఏది రాసి ఉంటే అదే మన ఆస్తి. చివర్లో ఒక ప్లాను జతచేసి ఉంటుంది. నా ప్లానులో ఫ్లాటు చుట్టూ ఎర్ర గీత, కింద కారు నిలిపే జాగా చుట్టూ నీలం గీత. ఆ నీలం గీత లోపల కారు పెట్టుకునే హక్కు 125 ఏళ్ళ పాటు నాది. అద్దానికి పర్మిట్ తగిలించాలన్న షరతు ఆ లీజులో ఒక్కచోట కూడా లేదు.

బోర్డు వెనకాలే పర్మిట్లు వచ్చాయి. 2018 జనవరిలో ఒక రాత్రి, అద్దం మీద మంచు కరగడానికి హీటర్ పెట్టుకుని ఇంటికి వస్తుంటే ఆ వేడికి పర్మిట్ ఊడి సీటు కిందికి జారిపోయింది. తెల్లారి చూస్తే వైపర్ కింద పసుపు కవరు. 100 పౌండ్లు కట్టాలి, 14 రోజుల్లోపు కడితే 60. చూడడానికి అచ్చం కౌన్సిల్ వాళ్ళు వేసే జరిమానా కవరులాగే ఉంటుంది. పైన రాసే పీసీఎన్ అన్న మూడక్షరాలూ అవే. కానీ కౌన్సిల్ జరిమానా వెనక చట్టం ఉంది. దీని వెనక ఉన్నది ఒప్పందం అని కంపెనీ చెప్పుకునే మాట: మీరు బోర్డు చూశారు, చూసి కూడా కారు పెట్టారు, కాబట్టి మా షరతులకి ఒప్పుకున్నారు. ఈ వాదన ఎక్కడ పుట్టిందో నాకు తెలుసుకోవాలనిపించింది. తీగ లాగుతూ పోతే అది బందెలదొడ్డి దగ్గర తేలింది.

మా అమ్మమ్మగారి ఊళ్ళో చెరువుగట్టు కింద బందెలదొడ్డి ఉండేది. చేలో పడి మేసిన గేదెని రైతు తోలుకెళ్ళి అందులో పెట్టేవాడు. గేదె గలవాడు వచ్చి రుసుము కట్టి విడిపించుకోవాలి. దానికి ఆధారం 1871లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన చట్టం. ఇంగ్లండులో అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందు నుంచే ఆ న్యాయం ఉంది. నా నేలలోకి వచ్చి నష్టం చేసినదాన్ని, ఆ నష్టం పూడ్చేదాకా నేను ఆపుకోవచ్చు అన్నది దాని సారం. పశువుల విషయంలో 1971లో కొత్త చట్టం వచ్చి దాన్ని తీసేసింది. కార్ల విషయంలో మాత్రం అది మరోసారి కోర్టు గడప ఎక్కింది.

వీధుల్లో కారు నిలిపినందుకు డబ్బు తీసుకోవడం ఇక్కడ 1958 జూలై 10న, లండన్ గ్రోవ్‌నర్ స్క్వేర్‌లో పెట్టిన మీటర్లతో మొదలైంది. గంటకి ఆరు పెన్నీలు. 1960 సెప్టెంబరులో ట్రాఫిక్ వార్డెన్లు దిగారు. వాళ్ళు రాసిన మొట్టమొదటి టికెట్ ఒక డాక్టరుకి పడింది. గుండెపోటు వచ్చిన రోగిని చూడడానికి ఆయన హోటల్లోకి వెళ్ళి ఉన్నాడు. జనం మండిపడితే దాన్ని రద్దు చేశారు. అది పబ్లిక్ రోడ్డు సంగతి. గేటు లోపలి నేల మీద కారు పెడితే, నేల గలవాడు దావా వేసి జరిగిన నష్టం రుజువు చేసుకోవాలి. ఖాళీ జాగాలో ఒక కారు గంటసేపు నిలిస్తే తేలే నష్టం ఏపాటిది? కోర్టు ఖర్చులకి కూడా రాదు.

ఆ లోటు పూడ్చింది చక్రానికి వేసే ఇనప తాళం. అమెరికాలోని డెన్వర్‌లో, సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించే ఫ్రాంక్ మారగ్ దాన్ని తయారుచేశాడు. 1955లో అక్కడి పోలీసులు వాడడం మొదలుపెట్టారు. 1983లో లండన్ పోలీసులూ అందుకున్నారు. తర్వాత ప్రైవేటు మనుషుల చేతికి వచ్చింది. బోర్డు ఒకటి, వ్యాను ఒకటి, నాలుగు తాళాలు ఉంటే వ్యాపారం నడిచేది. కారు దగ్గరికి వచ్చినవాడు అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టి ఇవ్వాలి, లేకపోతే నడిచి ఇంటికి పోవాలి. స్కాట్లాండ్ కోర్టు 1992లోనే ఈ పనిని బెదిరించి డబ్బు గుంజడం కిందా, దొంగతనం కిందా జమకట్టింది. అక్కడితో ఆ దేశంలో అది ఆగిపోయింది. ఇంగ్లండులో ఇంకో ఇరవై ఏళ్ళు సాగింది.

సాగడానికి కారణం కార్న్‌వాల్‌లోని ట్రూరో పట్నంలో మొదలైన ఒక కేసు. ప్రైవేటు కార్ పార్కులో కారు పెట్టిన మనిషికి తాళం వేసి 40 పౌండ్లు అడిగారు. ఆయన ఇవ్వనన్నాడు. చివరికి రాత్రివేళ తాళాలతో సహా కారు తీసుకుపోయాడు. అప్పీలు కోర్టుకి వెళ్ళినప్పుడు తాళం వేసినవాళ్ళు రెండు వాదనలు చేశారు. ఒకటి, నేను చెప్పిన బందెలదొడ్డి న్యాయం. కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. రెండోది: బోర్డు మీద అంత స్పష్టంగా రాసి ఉండగా చదివి మరీ కారు పెట్టాడు గనక, తాళానికి తనే సమ్మతించాడు. 1995 తీర్పులో న్యాయమూర్తి సర్ థామస్ బింగ్‌హామ్ ఈ రెండోదాన్ని ఒప్పుకున్నారు. రుసుము అన్యాయంగా ఉండకూడదు, కట్టిన వెంటనే వదిలెయ్యాలి, ఎవరిని కలవాలో చెప్పాలి అని హద్దులు కూడా పెట్టారు.

ఈనాటికీ ప్రైవేటు పార్కింగ్ వ్యాపారమంతా ఆ సమ్మతి మీదే నిలబడి ఉంది. 2000లో అదే అప్పీలు కోర్టు తూర్పు లండన్ కేసు ఒకటి విన్నది. ఆసుపత్రిలో చేదు వార్త విని వస్తున్న ఒకామె, ఒంట్లో బాగాలేక కారు పక్కకి తీసి ఆపింది. వేరే బండి అడ్డం ఉండడంతో ఆమెకి బోర్డు కనబడలేదు. కనబడని బోర్డుకి సమ్మతి ఎక్కడిది అన్నారు న్యాయమూర్తులు. నాకు ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవడం ఇష్టం. రెంటిలోనూ కారు పెట్టినవాళ్ళు ఆ నేలకి పరాయివాళ్ళే. వాళ్ళకి అక్కడ ముందు నుంచీ ఏ హక్కూ లేదు కాబట్టి, బోర్డు ఇచ్చిన అనుమతి తప్ప వాళ్ళకి వేరే దారి లేదు. మరి లీజులో హక్కు రాసి ఉన్నవాళ్ళు బోర్డుని అనుమతి అడగాల్సిన పనేమిటి? ఆ ప్రశ్నకి జవాబు రావడానికి 2016 దాకా పట్టింది.

ఈలోపు తాళం పోయింది. 2012 నాటి స్వేచ్ఛల పరిరక్షణ చట్టం, ఆ ఏడు అక్టోబరు 1 నుంచి, ఇంగ్లండు, వేల్సుల్లో ప్రైవేటు నేల మీద చక్రాలకి తాళం వెయ్యడాన్ని నేరం చేసింది. అప్పట్లో అందరం సంతోషించాం. కానీ అదే చట్టం నాలుగో షెడ్యూలులో ఇంకో తలుపు తెరిచింది. అంతవరకూ కంపెనీ ఆ రోజు కారు నడిపింది ఎవరో రుజువు చేసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు నడిపిందెవరో తెలియకపోయినా, లాగ్‌బుక్కులో పేరున్న మనిషినే డబ్బు అడగవచ్చు. దానికి నియమాలున్నాయి. కారు మీద కవరు పెట్టకుండా కెమెరాతో పట్టుకుంటే 14 రోజుల్లోపు నోటీసు ఇంటికి చేరాలి. కవరు పెట్టి ఉంటే 28 రోజులు ఆగి, 56 రోజుల్లోపు పంపాలి. పేరూ చిరునామా స్వాన్సీలోని వాహన రిజిస్ట్రేషన్ల సంస్థ డీవీఎల్ఏ ఇస్తుంది, ఒక్కోదానికి 2 పౌండ్ల 50 పెన్నీలు తీసుకుని. 2018-19లో అలా ఇచ్చినవి దాదాపు 68 లక్షలు. 2023-24కి కోటీ ఇరవై లక్షలు దాటాయి.

ఇళ్ళ గేట్ల దాకా ఈ వ్యాపారం రావడానికి ఇంకో కారణం ఉంది. 2000లో ప్రభుత్వం ఇళ్ళ నిర్మాణానికి ఇచ్చిన ప్రణాళికా మార్గదర్శకాల్లో, సగటున ఇంటికి ఒకటిన్నర కంటే ఎక్కువ కారు జాగాలు వద్దన్నారు. కార్లు తగ్గి బస్సులూ రైళ్ళూ పెరుగుతాయని ఆశ. 2011లో ఇలాంటి పరిమితులు తీసేసేలోపు దేశమంతా స్టేషన్ల చుట్టూ ఫ్లాట్లు లేచాయి. స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్: మన తెలుగువాళ్ళు ఉద్యోగాలకి వచ్చి అద్దెకి దిగే ఊళ్ళన్నిట్లో ఇవే కట్టడాలు. ఇద్దరికీ ఉద్యోగాలు, రెండు కార్లు, ఒక జాగా. దానికి తోడు పొద్దున్నే లండన్ రైలెక్కేవాళ్ళు కార్లు తెచ్చి మా జాగాల్లో పెట్టి పోయేవారు. మాకు నిజంగానే కష్టంగా ఉండేది. ఫ్రీహోల్డరు తరఫున భవనం చూసుకునే మేనేజింగ్ ఏజెంటుకి మేమే మొరపెట్టుకున్నాం.

ఏజెంటు దగ్గరికి పార్కింగ్ కంపెనీ వచ్చి, మీరు పైసా ఇవ్వక్కర్లేదు, బోర్డులూ పర్మిట్లూ మనుషులూ అన్నీ మావే అంటుంది. ఏజెంటుకి అంతకంటే ఏం కావాలి? కంపెనీకి రాబడి మాత్రం టికెట్ల మీదే. మొదటి ఏడాది పరాయి కార్లకి పడతాయి. రైలు ప్రయాణికులకి సంగతి తెలిసి మానేస్తారు. ఆ తర్వాత గేటు లోపల మిగిలేది ఎవరు? పర్మిట్ తిరగబడి ఉన్నవాళ్ళు, కొత్త కారు కొని పర్మిట్ ఇంకా మార్చుకోనివాళ్ళు, సామాను దించుకుంటున్నవాళ్ళు, పసిబిడ్డని చూడడానికి వచ్చిన అమ్మమ్మా తాతయ్యా. పరాయివాళ్ళని ఆపడానికి పిలిచిన మనుషులు ఇంటివాళ్ళ మీద బతకడం అలా మొదలవుతుంది. దీంట్లో ఎవరి దుర్మార్గమూ వెతకక్కర్లేదు, ఆ ఒప్పందం కుదిరిన తీరే అంత. నన్ను ఎక్కువ బాధపెట్టేది కూడా అదే.

బండి నిలుపుకునే హక్కు కోసం కార్లకంటే ముందే ఇక్కడ తగాదాలున్నాయి. 1952లో కోర్టు చూసిన కేసులో ఒక బండ్ల వడ్రంగి, బాగుకి వచ్చిన బండ్లని ఎదురు వాళ్ళ తోట దారి పక్కన యాభై ఏళ్ళుగా నిలుపుకుంటున్నాడు. అంతకాలం వాడుకున్నా అది హక్కు కాదన్నారు. అతను అడుగుతున్నది దారి వాడకం కాదు, ఆ నేలంతా తన చేతికి ఇమ్మన్నట్టుంది అని. సగం శతాబ్దం పోయాక, 2007లో, హౌస్ ఆఫ్ లార్డ్స్ షెట్లాండ్ దీవుల కేసు ఒకటి విన్నది. ఇల్లు సముద్రపు ఒడ్డున, నిటారు గట్టు కింద. బండి దారి పక్కవాళ్ళ నేల మీదుగా గట్టు పైదాకానే వస్తుంది. అక్కణ్ణుంచి మెట్లు దిగాలి. 1973 నాటి పత్రంలో బండి మీద వచ్చిపోయే హక్కు రాశారు గానీ నిలుపుకోవడం గురించి ఒక్క ముక్క లేదు. పైదాకా వచ్చిన బండిని అక్కడ ఆపి మెట్లు దిగక వేరే మార్గం లేనప్పుడు, నిలుపుకోవడం ఆ దారి హక్కులోనే ఉందన్నారు లార్డులు. ఆ పత్రం రాసినవాళ్ళు అక్కడ మనుషులు ఎలా బతుకుతారో ఊహించే రాసి ఉంటారని నమ్మడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

2001లో వచ్చిన తీర్పు మా వృత్తిలో తరచూ పనికొస్తుంది. లీజులో పార్కింగ్ హక్కు ఉండగా నేల గలవాడు 13 జాగాల్ని నాలుగుకి తగ్గించాడు. ఇచ్చిన హక్కుని ఇచ్చినవాడే అలా కోసెయ్యడానికి వీల్లేదని అప్పీలు కోర్టు చెప్పింది.

2015 నవంబరులో సుప్రీంకోర్టు పార్కింగ్ ఐ, బీవిస్ కేసులో తీర్పిచ్చేసరికి కంపెనీలన్నీ ఊపిరి పీల్చుకున్నాయి. చెమ్స్‌ఫర్డ్‌లోని దుకాణాల సముదాయంలో రెండు గంటలు ఉచితం. బీవిస్ అంతకుమించి 56 నిమిషాలు ఉన్నాడు. 85 పౌండ్లు అడిగారు. 1915 నుంచీ ఉన్న పాత సూత్రం ప్రకారం నష్టానికి మించి గుంజేది చెల్లదు. కానీ ఏడుగురిలో ఆరుగురు న్యాయమూర్తులు, దుకాణాలకి వచ్చేపోయేవాళ్ళు మారుతూ ఉండడంలో నేల గలవాళ్ళకి న్యాయమైన ప్రయోజనం ఉంది, ఆ 85 దానికి మించి లేదు అన్నారు. లార్డ్ టౌల్సన్ ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పు వచ్చాక కంపెనీలు ప్రతి ఉత్తరంలోనూ దాన్నే చూపిస్తున్నాయి, ఇళ్ళవాళ్ళకి రాసిన వాటిలో కూడా. సూపర్‌మార్కెట్ ముందు పెట్టిన కార్లు గంట గంటకీ కదలడంలో ప్రయోజనం ఉంది, ఒప్పుకుంటాను. నా ఇంటి కింద, నా నీలం గీతలో నా కారు కదలడం వల్ల ఎవరికి ఏం ఒరుగుతుంది?

2016 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టులో జడ్జి చార్లెస్ హారిస్ విన్న అప్పీలు ఈ సంగతే తేల్చింది. ఫ్లాట్లలో ఉండే ఒకామె, ఫర్నిచర్ లోపలికి చేర్చడానికి కాసేపు కారు గుమ్మం ముందు ఆపింది. కింది కోర్టులో ఓడిపోయింది. హారిస్ రెండు మాటలు చెప్పారు. కాసేపు ఆపి సామాను దించడం పార్కింగ్ కాదు. అదీ పార్కింగే అంటే ట్రాఫిక్‌లో చిక్కుకున్న బండ్లు కూడా పార్క్ చేసినట్టే అవుతాయి, పోస్టు బండీ సరుకుల బండీ ఎక్కడా ఆగలేవు. ఇక, గుమ్మం దాకా వచ్చిపోయే హక్కు ఆమెకి లీజు ఇచ్చింది. తర్వాత ఎవరో వచ్చి నాటిన బోర్డు దాన్ని మార్చలేదు. కౌంటీ కోర్టు తీర్పు గనక మిగతా కోర్టులు దానికి కట్టుబడక్కర్లేదు. అయినా అది చదివిన రోజు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు. లీజుల్ని అందరికీ కలిపి మార్చాలంటే 1987 చట్టం ఒక పద్ధతి పెట్టింది: నూటికి 75 మంది ఒప్పుకోవాలి, కాదనేవాళ్ళు 10 శాతానికి మించకూడదు. గేటుకి బోర్డు బిగించడం ఆ పద్ధతి కాదు.

నా కవరు విషయానికి వస్తే, కంపెనీకి లీజు నకలు పంపాను, ఒప్పుకోలేదు. అప్పీలూ తోసేశారు. అప్పు వసూలు చేసేవాళ్ళు 70 కలిపి 170 చేసి ఉత్తరాలు రాశారు. అప్పుడు ఉత్తరం మేనేజింగ్ ఏజెంటుకి రాశాను. లీజులో ఫ్రీహోల్డరు, నా జాగాని నిరాటంకంగా అనుభవించనిస్తానని మాట ఇచ్చాడు. పార్కింగ్ కంపెనీ మీరు పిలిస్తే వచ్చింది, అది చేసే పనికి మీరే జవాబుదారులు, మాట తప్పినందుకు దావా మీ మీద వేస్తాను అని. ఆక్స్‌ఫర్డ్ తీర్పూ, నీలం గీత ప్లానూ జతచేశాను. రెండు వారాల్లో చార్జి రద్దయింది.

మా పై అంతస్తులో అద్దెకున్న గుంటూరు అబ్బాయి అలాంటివి అప్పటికే రెండు కట్టేశాడు. మూడోది చేతిలో పట్టుకుని వచ్చాడు.

“అక్కా, కట్టకపోతే వీసాకి ఏమన్నా ఇబ్బంది అవుద్దా?”

“ఇది పోలీసులది కాదు నాన్నా, కోర్టుదీ కాదు. ఇంకా ఎవరూ తీర్పు చెప్పలేదు. నీ అద్దె కాగితంలో పార్కింగ్ జాగా ఇచ్చినట్టు రాసుందా?”

రాసి ఉంది. ఫ్లాటు యజమానికి లీజు ఇచ్చిన హక్కు, ఆ కాగితం ద్వారా ఈ అబ్బాయికి వస్తుంది. అదీ రద్దు చేయించాం. మనవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇంకోటుంది. ఇల్లు మారినప్పుడల్లా లాగ్‌బుక్కులో చిరునామా మార్చుకోవాలి. పాత చిరునామాకి కోర్టు కాగితం వెళ్ళి, జవాబు లేకపోతే, వినకుండానే తీర్పు వచ్చేస్తుంది. నెలలోపు కట్టకపోతే ఆరేళ్ళు రికార్డులో ఉంటుంది, ఇంటి అప్పు పుట్టడం కష్టం. ఉత్తరాల్ని పక్కన పడేసి కూర్చుంటే హక్కున్నవాళ్ళు కూడా ఓడిపోతారు.

హైదరాబాద్‌లో ఈ తగాదా రూపం వేరు. స్టిల్ట్ పార్కింగ్‌కి బిల్డరు విడిగా డబ్బు అడుగుతున్నాడని మా తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కడా కోర్టు దీన్ని చూసింది. మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన ఒక కేసులో, స్టిల్టునీ ఖాళీ జాగానీ బిల్డరు విడిగా అమ్ముకోకూడదని 2010 ఆగస్టులో మన సుప్రీంకోర్టు తేల్చింది. 2016 రెరా చట్టం ఖాళీ పార్కింగ్ జాగాని ఉమ్మడి స్థలాల్లో చేర్చింది.

ఇక్కడ పార్లమెంటు మాత్రం నత్తనడక నడుస్తోంది. 2019లో, ఎంపీ సర్ గ్రెగ్ నైట్ తెచ్చిన బిల్లుతో, కంపెనీలకి ప్రభుత్వమే నియమావళి రాయాలని చట్టం వచ్చింది. 2022 ఫిబ్రవరిలో రాశారు: లండన్ బయట చాలా వాటికి 50 పౌండ్ల పరిమితి, వసూలు పేరుతో కలిపే 70 పూర్తిగా రద్దు. కంపెనీలు కోర్టుకెక్కితే జూన్‌లో వెనక్కి తీసుకున్నారు. 2024లో పార్కింగ్ కంపెనీల సంఘాలు రెండూ కలిసి తమ నియమావళి తామే రాసుకున్నాయి. 2025 వేసవిలో ప్రభుత్వం మళ్ళీ ప్రజల అభిప్రాయాలు అడిగింది. నేనూ రాసి పంపాను. ఇళ్ళున్న చోట్లకి వేరే నియమం ఉండాలనీ, లీజులు చదవకుండా బోర్డు నాటనివ్వకూడదనీ.

ఈమధ్య ఆఫీసుకి వచ్చే కొత్త లీజుల్లో ఒక వాక్యం ఎక్కువగా కనబడుతోంది: పార్కింగ్ గురించి ఫ్రీహోల్డరు ఎప్పటికప్పుడు చేసే నిబంధనలన్నిటికీ, వాళ్ళు నియమించే కంపెనీ షరతులకీ కొన్నవాళ్ళు కట్టుబడాలి. నా 2003 లీజులో అది లేదు కాబట్టి నేను గెలిచాను. ఈ వాక్యం మీద సంతకం చేసినవాళ్ళకి బోర్డు తర్వాత వచ్చిందని చెప్పే వీలుండదు. అది కొట్టేయమని, కుదరకపోతే పర్మిట్ కనబడనంత మాత్రాన చార్జి వెయ్యకూడదన్న మాటైనా చేర్చమని అవతలి సొలిసిటర్‌కి రాస్తున్నాను. పోయిన నెల స్టేషన్ పక్కన ఫ్లాటు కొన్న దంపతుల లీజులో చేర్చారు. అదే భవనంలో మిగతా లీజులన్నీ మొదట రాసినట్టే ఉన్నాయి.